ఉప్మాలో బీన్స్ పచ్చదనం ఏమైపోతోంది?

కూరగాయలు దండిగా వేసి ఉప్మా చేస్తే, దించేసరికి బీన్స్, బఠాణీ ఖాకీ రంగుకు తిరుగుతున్నాయేమిటని ఒక పాఠకురాలు అడిగారు. పొద్దున్నే కూరగాయలు తింటే పీచు, విటమిన్లు అందుతాయన్నది అందరికీ తెలిసిందే, అక్కడ ఆగను. ఈ రంగు సంగతే అసలు రసవత్తరం.

ఆకుపచ్చకు మూలం పత్రహరితం. దాని అణువు నడుమ, ఉంగరంలో పొదిగిన రాయిలా, ఒకే ఒక్క మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. నాలుగు నత్రజని పరమాణువులు దాన్ని పట్టి ఉంచుతాయి. పచ్చి కాయలో దానికేం ఢోకా లేదు. కణంలోని ఆమ్లాలు చాలావరకు వేరే సంచిలో ఉంటాయి. వేడికి ఆ పొరలు చిట్లి పులుపు బయటపడుతుంది. రెండు హైడ్రోజన్ అయాన్లు వచ్చి మెగ్నీషియాన్ని గెంటేసి ఆ చోటు ఆక్రమిస్తాయి. అంతే, పత్రహరితం కాస్తా ఫియోఫైటిన్ అయిపోతుంది. ఆ ఖాకీ రంగు దానిదే.

కళ్లారా చూడాలంటే రెండు బాణళ్లు పక్కపక్కన పెట్టి ఒకదాంట్లో తోటకూర, రెండోదాంట్లో గోంగూర వేయండి. తోటకూర చాలాసేపు పచ్చగానే ఉంటుంది. గోంగూర మాత్రం వేడి తగిలీ తగలగానే రంగు మారుతుంది. దాని పులుపే దాని కొంప ముంచుతుంది! ఇంకో తమాషా: మరిగే నీళ్లలో పడ్డ బీన్స్ తొలి క్షణాల్లో ముందుకన్నా పచ్చగా మెరుస్తాయి. కొత్త రంగేమీ పుట్టదు. కణాల మధ్య ఇరుక్కున్న గాలి బయటికి పోయి, ఉన్న రంగే తేటగా కనిపిస్తుంది.

ఇనుము అందని మొక్కలు పాలిపోతాయి కనుక పత్రహరితంలో ఇనుమే ఉంటుందని ఒకప్పుడు చాలామంది నమ్మారు. అందులో ఉన్నది మెగ్నీషియమని తేల్చింది జర్మన్ రసాయనవేత్త రిచర్డ్ విల్‌స్టాటర్. 1915లో ఆయనకు నోబెల్ వచ్చింది. పత్రహరితం తయారుకావడానికి ఇనుము కావాలి, తయారైన దాంట్లో ఉండదు. మన రక్తంలోని హీమ్ కూడా ఇలాంటి నిర్మాణమే, నడుమ ఇనుము ఉంటుంది. ఆ పోలిక పట్టుకుని పచ్చరసం తాగితే నేరుగా రక్తమైపోతుందని చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఐరోపాలో పూర్వం పచ్చళ్లు పచ్చగా ఉండాలని రాగి పాత్రల్లో కాచేవారు. మెగ్నీషియం ఖాళీ చేసిన చోట రాగి చేరితే పులుపు దాన్ని అంత సులువుగా కదపలేదు. రంగు నిలుస్తుంది, రాగి కడుపులోకి పోతుంది. ఈ మోసాన్ని 1820లోనే లండన్‌లో రసాయనవేత్త ఫ్రెడరిక్ అక్కుమ్ తన పుస్తకంలో ఎండగట్టాడు. మన వంటిళ్లలో చిటికెడు వంటసోడా వేస్తారు. సోడా పులుపును విరుస్తుంది, నిజమే. కానీ ముక్క మెత్తబడి పిసపిసలాడుతుంది, బి1 విటమిన్ కూడా నశిస్తుంది.

ఇక వంట సంగతి అంటారా? బీన్స్, బఠాణీ విడిగా మరిగే ఉప్పునీళ్లలో, మూత లేకుండా మూడు నాలుగు నిమిషాలు ఉడకనిచ్చి వంచేయండి. మూత పెడితే ఆవిరితో లేచిన ఆమ్లాలు మళ్లీ గిన్నెలోకే దిగుతాయి. రవ్వ ఉడికాక ముక్కలు కలపండి, నిమ్మకాయ కంచంలో పిండుకోండి. మూతపెట్టి మగ్గించిన ఖాకీ బీన్సే రుచి అనేవాళ్లతో నాకు పేచీ లేదు, నేనూ ఆ పక్షమే.