అట్టముక్కలతో ఇల్లు కట్టే చదువు

మన పల్లెల్లో ఇల్లు కట్టడం ఎలా మొదలవుతుందో మీకు తెలియనిది కాదు. మేస్త్రిగారు నేలమీద నాలుగు గీతలు గీసి ముగ్గు పోస్తారు. గోడలు లేచాక ఇంటావిడ వచ్చి, "వంటింట్లోకి వెలుతురే రావడం లేదండీ!" అంటుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు. కట్టిన గోడ పగలగొడితే ఇటుక, సిమెంటు, కూలీ అన్నీ దండుగే.

ఇటువంటి పొరపాటును కాగితం మీదనే దిద్దుకోవడం నేర్పే చదువు ఆర్కిటెక్చర్. ఇది అయిదేళ్ల కోర్సు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను, విజయవాడలో 2008లో ప్రారంభమైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోను చెబుతున్నారు.

ఇందులో ముఖ్యమైనది డిజైన్ స్టూడియో. అక్కడ పాఠం వినడం తక్కువ, చేతిపని ఎక్కువ. ఒకే ఇంటిని మూడు విధాల గీయాలి. కప్పు తీసేసి మీదనుండి చూసినట్లు గీస్తే ప్లాను. ఎదురుగా నిలబడి చూసినట్లు గీస్తే ఎలివేషను. గుమ్మడికాయను కోసినట్లు నిలువునా కోసి చూపితే సెక్షను. గచ్చు ఎంత ఎత్తున ఉందో, కప్పు ఎంత వాలుగా ఉందో సెక్షనులోనే తెలుస్తుంది. వరదనీరు చూసిన మన లంకగ్రామాలవారికి అదెంత అవసరమో వేరే చెప్పాలా?

ఆ తరువాత నమూనా. 1:50 స్కేలులో 30 అడుగుల గోడ సుమారు 18 సెంటీమీటర్ల అట్టముక్క అవుతుంది. స్టీలు స్కేలు ఆనించి బ్లేడుతో కోసి, జిగురుతో అతికిస్తారు. పడమటివైపు దీపం పెట్టి సాయంకాలపు ఎండ ఏ గదిలో పడుతుందో చూస్తారు. చివరకు ఉపాధ్యాయులు, బయటి ఆర్కిటెక్టులు కూర్చుని ప్రశ్నలు వేస్తారు. దానిని జ్యూరీ అంటారు. రాత్రంతా మేలుకొని చేసిన నమూనాను, "మెట్లు ఇక్కడ కుదరవు" అని ఒక్క మాటతో తీసివేయవచ్చు. బిడ్డకు కన్నీళ్లు రావచ్చు. కాని అట్టగోడ మార్చడానికి కొద్ది రూపాయలు చాలు. ఇటుకగోడ మార్చాలంటే ఒక కుటుంబం అప్పులపాలవుతుంది.

ముందు నమూనా, తరువాత కట్టడం అనేది మనకు కొత్త సంగతి కాదు. దావీదు మందిరపు నమూనాను సొలొమోను చేతికిచ్చినట్లు మొదటి దినవృత్తాంతములు 28వ అధ్యాయంలో చదువుతున్నాము గదా! ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంకు కూడా పిల్లలను తీసుకువెళ్లండి. 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ఆనకట్ట కథ అక్కడి నమూనాలలో, చిత్రాలలో కనబడుతుంది.

తల్లిదండ్రులారా, నోటుపుస్తకం అంచుల్లో బొమ్మలు గీసే బిడ్డను, "కూడు పెడుతుందా?" అని కసరకండి. అయితే బొమ్మ ఒక్కటే చాలదు. ఇంటర్మీడియట్‌లో లెక్కలు కూడా చదివి ఉండాలి. ప్రవేశపరీక్షలు నాటా, జేఈఈ మెయిన్ రెండవ పేపరు. రెండింటిలోను బొమ్మ గీయవలసిన భాగం ఉంటుంది. కాగితాలు, అట్టలు, జిగురు అయిదేళ్లూ కొంటూనే ఉండాలి గనుక, ఆ ఖర్చు ఎంతో అక్కడ చదువుతున్నవారిని ముందే అడిగి తెలుసుకోండి.

ఈ సెలవుల్లో బిడ్డ చేతికి ఒక టేపు ఇచ్చి మీ ఇంటినే కొలిచి గీయమనండి. మీ ఊళ్లో పాత మండువా లోగిలి ఉంటే అదీ చూపించండి. నడుమనున్న ఆ ఖాళీ జాగా చుట్టూ ఉన్న గదులకు గాలి, వెలుతురు ఎలా పంచుతుందో గమనించమనండి. ఆ తరువాత వంటింట్లో నిలబడి, "అమ్మా, నీకు కిటికీ ఎక్కడుంటే బాగుంటుంది?" అని అడగమనండి. స్టూడియోలో నేర్చుకునే మొదటి పాఠం అదే.