మా పెరట్లో ఏనుగు

మౌలాలి దగ్గర మేం కొన్న స్థలంలో, ఏనుగు పడుకున్నట్టు ఓ బండ ఉండేది. "కొట్టించేస్తే ఇంకో గది వస్తుందమ్మా" అన్నాడు మేస్త్రీ. మావారు సరేనన్నారు. నేనూ తలూపాను.

ఆ సాయంత్రం మా పాపతో మౌలాలి గుట్ట ఎక్కాను. పైన దర్గా. చుట్టూ ఒకదానిమీద ఒకటి నిలబెట్టినట్టు గుండ్లు. "వీటిని ఎవరు పేర్చారమ్మా?" అనడిగింది పాప. డిగ్రీ చదివానన్న మాటేగానీ జవాబు తెలియలేదు.

తర్వాత పుస్తకాలు తిరగేశాను. ఎవరూ పేర్చలేదట! దాదాపు 250 కోట్ల ఏళ్ల క్రితం భూమి లోతుల్లో కరిగివున్న శిల మెల్లగా చల్లారి గ్రానైట్ అయింది. కాలక్రమాన పైపొరలు అరిగిపోయి అది బయటపడింది. పగుళ్లలోకి నీరు దిగి అంచులు గుండ్రబడ్డాయి. మధ్యలోని మట్టి వానలకు కొట్టుకుపోతే గుండ్లు మిగిలాయి. హిమాలయాల వయసు వీటి ముందు పసితనమే!

ఈ బండల్ని కాపాడాలని 1996లో హైదరాబాద్‌లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏర్పడింది. అయినా ఎన్నో గుట్టలు కంకరైపోయాయి. మా ఇంటి పునాదిలోనూ ఆ కంకరే ఉంది. ఇక ఎవర్నని తప్పుపట్టను? కానీ చెట్టు కొట్టేస్తే ఇంకోటి నాటుకోవచ్చు. బండను నాటగలమా?

గది మానుకున్నాం. మావారు కొన్నాళ్లు గొణిగారు. ఇప్పుడు నా వడియాలు ఎండేది ఆ బండమీదే, సాయంత్రం ఆయన కాఫీ తాగేదీ అక్కడే!

మీ వాకిట్లోనూ బండ ఉందా? మేస్త్రీకి కబురు పెట్టేముందు ఒక్కసారి దానిమీద కూర్చుని చూడండి.