మనుమల కోసం కోర్టుకెక్కే అవ్వతాతలు

మనుమలను చూసే హక్కు అవ్వతాతలకు ఉందని భారతదేశంలో ఏ చట్టమూ విడిగా చెప్పదు. కొడుకో కూతురో మరణించి, లేదా కాపురం చెడి, బిడ్డ అవతలివారి ఇంటికి చేరినప్పుడు పెద్దలకు మిగిలే ఆధారం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం. తల్లి గాని తండ్రి గాని జీవించి ఉండి, అనర్హులని కోర్టు భావించనంత వరకు, వేరొకరిని సంరక్షకులుగా, అంటే బిడ్డ బాగోగులకు చట్టప్రకారం బాధ్యులుగా నియమించరాదని మొదటి చట్టంలోని 19వ సెక్షన్ అడ్డుపడుతుంది. బిడ్డ సంక్షేమమే అన్నింటికన్న ముఖ్యమని రెండవ చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది. అవ్వతాతల వాదం ప్రధానంగా నిలబడేది ఈ 13వ సెక్షన్ మీదనే.

విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వచ్చి కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో స్థిరపడిన కమ్మవారు, బలిజలు, రాజకంబళం నాయకులు మొదలైన తెలుగు కుటుంబాలలో ఈ తగవు మరింత చిక్కుపడుతుంది. మేనరికం, అక్క కూతురిని చేసుకోవడం అక్కడ పాత ఆచారాలు. ఆచారం ఉన్నచోట ఇటువంటి వివాహాలను 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా అనుమతించింది. అక్క కూతురిని పెళ్లాడినవాని బిడ్డకు అమ్మమ్మే మేనత్త కూడా అవుతుంది, నాయనమ్మేమో తల్లికి స్వయానా అమ్మమ్మ. అటువంటి కాపురం విచ్ఛిన్నమైతే తల్లివైపు, తండ్రివైపు అని కోర్టు కాగితాలు గీసే గీత ఒకే ఇంటి నడుమ నుండి పోతుంది. పైగా బడి, బజారు, న్యాయస్థానం తమిళంలో నడిచే ఆ ఊళ్లలో తెలుగు చాలావరకు నోటిమాటగానే బతుకుతోంది కనుక, అవ్వకు దూరమైన బిడ్డ ఆ మాటకూ దూరం కావచ్చు. సంరక్షకుని ఎంపికలో బిడ్డ వయసు, మతం, బంధుత్వపు దగ్గరితనం చూడాలని చెప్పే 1890 చట్టపు 17వ సెక్షన్ భాష పేరు ఎత్తకపోవడం ఒక లోటే.

మనుమని సంరక్షించిన అవ్వలలో చరిత్రకెక్కిన పేరు మదురైదే. 1689లో కొడుకు రంగకృష్ణ ముత్తువీరప్ప మశూచితో మరణించగా, కోడలు కూడా ప్రసవానంతరం చనిపోగా, రాణి మంగమ్మ పసికందైన విజయరంగ చొక్కనాథుని సింహాసనం మీద కూర్చోబెట్టి, సుమారు 1706 వరకు అతని పేరున రాజ్యమేలింది. తెలుగు వచనంలో శ్రీరంగమాహాత్మ్యము రచించినవాడు ఆ మనుమడే. చివరికి ఆమెను చెరలో పెట్టారనే కథ మదురైలో ఇప్పటికీ వినిపిస్తుంది గాని, తల్లీ తండ్రీ లేని శిశువు కోసం ఆమె ఎవరితోనూ వ్యాజ్యమాడవలసి రాలేదు.

నేటి కోర్టులలో తల్లిదండ్రులిద్దరూ లేనప్పుడు కూడా పోటీ తప్పడం లేదు. కోవిడ్‌తో ఇద్దరినీ కోల్పోయిన ఒక బాలుని గుజరాత్ హైకోర్టు ఉద్యోగం, వయసు లెక్కచూసి తల్లి సోదరికి అప్పగించగా, ఆ లెక్కలతోనే అవ్వతాతలను తక్కువ చేయరాదని 2022 జూన్‌లో సుప్రీంకోర్టు అతనిని తండ్రి తల్లిదండ్రులకు ఇచ్చింది. భార్య వరకట్న మరణం కేసులో తండ్రే నిందితుడైన మరొక వ్యాజ్యంలో, 2008లో, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు బాలునితో స్వయంగా మాట్లాడి అమ్మమ్మ, తాతల వద్దనే ఉండనిచ్చారు. అయితే తల్లి జీవించి ఉన్నచోట ధోరణి వేరు: ఆంధ్రలో భర్త మరణానంతరం మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తల్లికి, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే అధికారం ఉందని సుప్రీంకోర్టు 2022 జులైలో తేల్చి, పాత ఇంటిపేరును తిరిగి పెట్టాలన్న హైకోర్టు ఆదేశాన్ని నిలపలేదు. ఈ తీర్పు సరైనదే. బిడ్డ వారసత్వపు గుర్తు కాదు.

ఫ్రాన్సు పౌరస్మృతి పెద్దలతో అనుబంధాన్ని బిడ్డ హక్కుగానే రాసింది. ఇక్కడి అర్జీదారులు కూడా తమ ఒంటరితనాన్ని కాక బిడ్డకు కలిగే మేలును ముందుంచడం మంచిది. కస్టడీ, అంటే బిడ్డను తమ వద్దనే ఉంచుకోవడం, దొరకకపోయినా నెలకు కొన్ని గంటల సందర్శనను అడగవచ్చు. విచారణ ముగిసేలోగా 1890 చట్టపు 12వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. సంరక్షకత్వపు అర్జీ వేయవలసింది పెద్దలున్న ఊరిలో కాదు, అదే చట్టపు 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ సాధారణంగా నివసించే చోటి న్యాయస్థానంలో. లాయరు ఫీజుకు వెనుకాడే అవ్వలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి: 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.