ఇస్తాంబులు అంగళ్లలో ఒక దినము

క్రొత్త నగరమును చూచుటకు రెండు మార్గములు కలవు. వాహనమునెక్కి, ప్రసిద్ధ కట్టడములను చూచి మరలివచ్చుట ఒకటి. ఒంటరిగా కాలినడకను బయలుదేరి, నగరవాసులు నిత్యము క్రయవిక్రయములు సాగించు వీధులలో సంచరించుట రెండవది. మొదటి మార్గమున నగరముయొక్క గతము తెలియును. రెండవ మార్గమున దాని జీవనము తెలియును. ఒంటరివానికి మాటతోడు లేదు. కనుక అతని కన్నులును చెవులును మిక్కిలి మెలకువతో పనిచేయును. ఇట్టి సంచారమునకు టర్కీ దేశమునందలి ఇస్తాంబులు నగరము మిక్కిలి అనువైనది.

ఆసియా, ఐరోపా ఖండములు రెండింటిపైనను ఈ మహానగరము వ్యాపించియున్నది. బాస్ఫరస్ జలసంధి దీనిని రెండుగా విభజించుచున్నది. జనసంఖ్య కోటిన్నర. పూర్వము దీనికి బైజాంటియమనియు, పిదప కాన్‌స్టాంటినోపులనియు పేర్లుండెడివి. 1453లో తురుష్క సుల్తాను రెండవ మెహమ్మదు దీనిని జయించెను. కొలది సంవత్సరములకే అతడు నగరమధ్యమున ఒక అంగడిని కట్టింప మొదలిడెను. దానినుండి వచ్చు అద్దెలు హేగియా సోఫియా పోషణకు వినియోగపడునట్లు ఏర్పాటు చేసెను. క్రమముగా పెరిగి నేటికిని నిలిచియున్న ఆ అంగడికి 'కపాలి చార్షి' యని పేరు. ఈ మాట వినగానే తెలుగువారికి పరమశివుడు స్ఫురించును. కాని తురుష్కభాషలో దానికి 'పైకప్పుగల అంగడి' యని అర్థము.

పేరునకు తగినట్లు ఇది ఒకే కప్పుక్రింద నున్న చిన్న పట్టణమువలె నుండును. ఇందు 60కి పైగా వీధులును, నాలుగువేల వరకు దుకాణములును కలవు. వీధులపై కమానుల కప్పులు. వానిలోని చిన్న కిటికీలగుండా వెలుగు క్రిందికి దిగును. 1894లో వచ్చిన భూకంపము, 1954లో జరిగిన అగ్నిప్రమాదము దీనికి గొప్ప నష్టము కలిగించినవి. ఆ రెండు పర్యాయములును ఇది మరల కట్టబడినది. ఆదివారమునాడు దీని తలుపులు మూసియుండును. ఆ సంగతి నెరుగక వచ్చిన పరదేశి వెనుదిరుగవలసినదే.

ఈ అంగడి నడుమ దళమైన గోడలుగల ఒక పురాతన మందిరమున్నది. దానిని 'బెదెస్తెన్' అందురు. తొలుత కట్టినది ఇదియే. పూర్వము వర్తకులు నగలను, పట్టువస్త్రములను ఇందు విక్రయించెడివారు. నగరవాసులు తమ ధనమును, విలువైన వస్తువులను ఇక్కడనే దాచుకొనెడివారు. బ్యాంకులు లేని ఆ కాలమున దీనికి బ్యాంకునకున్నంత ప్రతిష్ఠ యుండెను. సరకులకంటె ముందు నమ్మకము అంగడికి పునాది యని ఈ మందిరము చాటుచున్నది.

ఒంటరి యాత్రికుడు గమనింపదగిన మరియొక విషయము వీధుల పేర్లు. అద్దములవారి వీధి, చెప్పులవారి వీధి, బొంతలవారి వీధి యనునట్లు ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క వీధి యుండెడిది. ప్రాచీన భారతదేశమునందలి శ్రేణులవలె అక్కడను వృత్తిసంఘములుండి సరకుల నాణ్యమును, ధరను అదుపులో నుంచెడివి. నేడు పేర్లు నిలిచినవి గాని వృత్తులు పెక్కు తొలగినవి. ఉన్నిటోపీలు కుట్టువారి పేర వెలసిన పెద్దవీధిలో నేడు బంగారు నగల దుకాణములు మెరయుచున్నవి. ఫెజ్ అను ఎఱ్ఱ కుచ్చుటోపీ చేయువారికిని ఒక వీధి కలదు. 1925లో ప్రభుత్వము చట్టముచేసి ఆ టోపీని నిషేధించుటతో ఆ వృత్తికి ఆధారము పోయినది. కొనువారు లేనినాడు ఎంతటి పనితనమైనను నిలువజాలదు.

భాష తెలియని యాత్రికునకు ఈ వీధులలో చెవికి పరిచయమైన మాటలు కొన్ని తగులును. అక్కడివారును దుకాణమును 'దుక్యాన్' అందురు. కలము 'కలెమ్', తేనీరు 'చాయ్', చక్కెర 'షెకెర్'. చక్కెర సంస్కృతమునందలి 'శర్కర' నుండి పశ్చిమమునకు పోయిన మాట. దుకాణము, కలము అరబ్బు, పారసీక భాషలగుండా ఇటు వచ్చిన మాటలు. వర్తకులు సరకులతోపాటు మాటలను కూడ దేశదేశములకు చేర్చిరి.

కొనదలచినవాడు మొదట పోల్చుట నేర్వవలెను. తివాచీనే ఉదాహరణముగా గైకొనవచ్చును. చేతిపనివారు పడుగుదారములపై ఒక్కొక్క ముడి వేయుచు, వరుస పూర్తియైన పిమ్మట పేకను నడిపి బిగింతురు. ఒక మేలైన తివాచీ పూర్తియగుటకు నెలలు పట్టును. పెద్దదైనచో సంవత్సరమునకు మించవచ్చును. ఏలూరు తివాచీల నెరిగిన తెలుగువారికి ఈ శ్రమ క్రొత్తది కాదు. యంత్రముపై అల్లిన తివాచీ సైతము దూరమునకు అట్లే కనబడును. దానిని వెనుకకు త్రిప్పి చూడవలెను. చేతిపనియైనచో ముడులు వెనుకవైపునను స్పష్టముగా కనబడును. వానిలో స్వల్పమైన హెచ్చుతగ్గులుండును. అంచునందలి కుచ్చులు పడుగుదారముల కొసలే యగును. యంత్రపు తివాచీకి తరచుగా కుచ్చులను వేరుగా కుట్టుదురు. ఈ భేదము నెరుగనివాడు అగ్గువకు లభించినదని అనుకరణమును కొని సంతసించును. అట్టి కొనుగోలుదారులు పెరిగినకొలది నేతగాని మగ్గము మూలబడును.

ఇక బేరము. వర్తకుడు పరదేశిని కూర్చుండబెట్టి, నడుము సన్నని చిన్న గాజుపాత్రలో పాలు కలుపని తేనీటిని ఒసగును. తేనీరు త్రాగినంతమాత్రమున కొనితీరవలెనను నియమము లేదు. తివాచీలు, దీపములు మొదలగువానికి బేరమాడుట అక్కడి ఆచారము. బంగారమునకు ఆనాటి ధర అందరికిని తెలిసినదే. కనుక అక్కడ బేరము ముఖ్యముగా పనికూలి విషయమున సాగును. నవ్వుచు బేరమాడి, నచ్చనిచో నమస్కరించి లేచిపోవుట మర్యాద. అంగీకరించిన ధరకు పిదప కొననని చెప్పుట అమర్యాద.

అచ్చటినుండి పల్లపు వీధులవెంట సముద్రమువైపు దిగినచో సుగంధద్రవ్యముల అంగడి వచ్చును. ఇది 17వ శతాబ్దమున కట్టినది. దీనిని 'ఈజిప్టు అంగడి' యని పిలుతురు. మలబారు తీరమున పండిన మిరియములు ఎఱ్ఱసముద్రము మీదుగా ఈజిప్టు చేరి, అచ్చటినుండి ఈ నగరమునకు వచ్చెడివి. కేరళపు తోటలోని మిరియపు గింజకును ఈ అంగడికిని ఎంతటి దూరపు చుట్టరికము!

సాయంకాలమునకు యాత్రికుడు గలాటా వంతెనను చేరును. నేటి వంతెన 1994లో కట్టినది. దాని పిట్టగోడవెంట బారులు తీరి జనులు గాలములు వేయుచుందురు. నువ్వులద్దిన కంకణమువంటి రొట్టె నొకటి కొనుక్కొని, సమీపముననున్న రేవులో పడవనెక్కినచో అరగంటలోపుననే ఐరోపానుండి ఆసియాను చేరవచ్చును.

అట్టి దినము ముగియునప్పటికి యాత్రికుని చేతిసంచి తేలికగానే యుండవచ్చును. కాని వస్తువును త్రిప్పి చూచుట, శ్రమకు వెలకట్టుట, మాటను నిలుపుకొనుట అను మూడు పాఠములు అతనికి లభించును. పరదేశపు అంగడిలో నేర్చిన ఈ పాఠములు స్వగ్రామమునందలి సంతలోనే ఎక్కువగా అక్కరకు వచ్చును. అచ్చటను నేతగాడు కలడు; అచ్చటను కొనువాని వివేకముపైననే అతని మగ్గము ఆధారపడియున్నది.