భుజం నొప్పికి ఫిజియోథెరపీ: ప్రభుత్వ బీమాతో పొందే మార్గం

ఆరోగ్యమే మహాభాగ్యం అన్నారు పెద్దలు. ఆ భాగ్యాన్ని నిలుపుకొనుటకు ఇంటి వైద్యంతో పాటు, ఒక్కొక్కప్పుడు సరైన చికిత్స దొరికే చోటును వెదకుకొనుట కూడా అవసరమని మా అమ్మగారి అనుభవం నాకు నేర్పినది.

రెండు సంవత్సరాల క్రితం ఆమెకు కుడి భుజం పట్టివేసినది. జడ వేసుకొనుటకు చేయి లేచేది కాదు. రాత్రి ఆ ప్రక్కకు తిరిగితే నిద్ర ఉండేది కాదు. ఆయుర్వేదంలో చెప్పిన ‘అవబాహుకం’ ఇటువంటిదే. నేటి వైద్యులు ‘ఫ్రోజెన్ షోల్డర్’ అంటారు. మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ. మా అమ్మగారికీ మధుమేహం ఉన్నది. గోరువెచ్చని నువ్వుల నూనెతో మర్దనం, ఉప్పు మూటతో కాపడం బాధను కొంత తగ్గించినవి గాని చేయి లేవలేదు. కీలును క్రమంగా కదిలించే వ్యాయామం కావలెనని, అందుకు ఫిజియోథెరపీ చేయించమని వైద్యులు చెప్పారు.

హైదరాబాదులో బాలానగర్‌లోని ఒక పరిశ్రమలో పనిచేసే మా తమ్మునికి ఈ.ఎస్.ఐ. సౌకర్యం ఉన్నది. అతనిపై ఆధారపడిన అమ్మగారి పేరు కూడా అందులో నమోదై ఉన్నది. మా వీధి చివర ఒక క్లినిక్కు బోర్డుపై ‘ఇన్సూరెన్సు సౌకర్యం కలదు’ అని చూచి, మరేమీ అడగకుండా ఆమెను తీసుకొని వెళ్ళాను. అది ప్రైవేటు పాలసీల సంగతి అని ఆరు రోజుల తరువాత తెలిసినది. ఖర్చు భరించలేక మానివేశాము. నెల తిరిగేసరికి, కొద్దిగా లేచిన చేయి మరల బిగిసిపోయినది. ఇటువంటి పొరపాటు మరొకరికి జరగరాదనియే ఈ వ్యాసం.

ఏ పథకంలో ఏమి లభిస్తుంది?

ప్రభుత్వ బీమాలన్నీ ఒకటి కావు. 1948 చట్టం ద్వారా ఏర్పడిన ఈ.ఎస్.ఐ.లో చేరుటకు వేతన పరిమితిని 2017 జనవరి నుండి నెలకు 21,000 రూపాయలుగా నిర్ణయించారు. ఆసుపత్రిలో చేరకుండా పొందే చికిత్స కూడా ఇందులో లభిస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కొరకు ఉద్దేశించినవి. ఆయుష్మాన్ భారత్‌లో ఇంటికి వచ్చిన తరువాతి ఖర్చులు 15 రోజుల వరకే వర్తిస్తాయి. నెలల తరబడి సాగే ఫిజియోథెరపీకి ఈ తేడా ముఖ్యం. సి.జి.హెచ్.ఎస్. సభ్యులైన పింఛనుదారులు ముందుగా తమ వెల్‌నెస్ సెంటరులో విచారించవలెను.

వెదకే క్రమం

1. ఈ.ఎస్.ఐ. వారు ముందుగా తమకు కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్ళవలెను. ఆసుపత్రికి పంపే రెఫరల్ పత్రం అక్కడే లభిస్తుంది.

2. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉన్నదా, వారానికి ఎన్ని రోజులు రమ్మంటారు, పత్రం ఎంతకాలం చెల్లుతుంది అని అడిగి వ్రాసుకొనండి.

3. అక్కడ ఆ సౌకర్యం లేనిచో, ఒప్పందం గల వేరే ఆసుపత్రికి వ్రాయించుకొనండి. అనుమతి లేకుండా బయట చేయించుకొన్న ఖర్చు సాధారణంగా తిరిగి రాదు.

4. దూరాన్ని కూడా లెక్కించండి. ఒకనాడు వెళ్ళి నాలుగు రోజులు మానివేస్తే ప్రయోజనం తక్కువ. రానుపోను శ్రమ ఎక్కువైతే ఆ సంగతి చెప్పి, ఇంటివద్ద చేయవలసిన వ్యాయామాలు నేర్పమని కోరండి.

5. బయట చూపించుకొనవలసి వస్తే, ఆ వ్యక్తికి బి.పి.టి. పట్టా ఉన్నదేమో తెలుసుకొనండి. చికిత్స మొదలుకాక ముందే మీ పథకం పేరు చెప్పి, అది అక్కడ చెల్లునో లేదో అడగండి.

ఈ క్రమంలోనే అమ్మగారికి ఈ.ఎస్.ఐ. ఆసుపత్రిలో వారానికి మూడు రోజులు చికిత్స లభించినది. మిగిలిన రోజులలో ఆమె గోడపై వ్రేళ్ళను మెల్లగా పైకి ప్రాకించే వ్యాయామం చేసేవారు. నూనె, కాపడం మానలేదు. మధుమేహం ఉన్నవారికి స్పర్శ తగ్గి ఉండవచ్చును గనుక, మూట వేడిని ఇంట్లో మరొకరు చేతితో చూచిన తరువాతనే వాడాము.

నాలుగు నెలలకు ఆమె తన జడ తానే వేసుకొన్నారు. మొదటి రోజుననే డిస్పెన్సరీకి వెళ్ళి ఉంటే ఆ బాధ కొంత ముందే తగ్గేదని నేటికీ అనుకొంటాను. పాఠకులు ఆ ఆలస్యం చేయరని ఆశిస్తున్నాను.