పురి పెట్టిన రెండు తీగలు

గత నెల ఒక డీటీపీ సెంటరు యజమాని ఉత్తరం రాశారు. అటక సర్దుతుంటే పాత డాట్ మాట్రిక్స్ ప్రింటరు తాలూకు కేబుల్ దొరికిందట. బొటనవేలంత లావు, ఒక కొసన 25 పిన్నులు, రెండో కొసన 36. ఇప్పుడు వాడుతున్న ప్రింటరుకు వచ్చిన యూఎస్‌బీ కేబుల్లో తీగలు నాలుగే. "ఎక్కువ దారులుంటే ఎక్కువ బళ్ళు పోవాలి కదండీ, మరి నాలుగు తీగలది పాతిక పిన్నులదాన్ని ఎలా దాటిపోయింది?" అని ఆయన ప్రశ్న. ఇది చదివాక మిగతా ఉత్తరాలు పక్కన పెట్టేశాను. కంప్యూటరు వెనకాల ఉన్న కన్నాలన్నిటి కథా ఇందులోనే ఉంది.

పరిచయాలు త్వరగా ముగిద్దాం. కంప్యూటరు బయటి వస్తువుతో మాట్లాడే గుమ్మమే పోర్టు. ముప్పై ఏళ్ళ కిందట ఒక్కో పనికి ఒక్కో గుమ్మం ఉండేది. కీబోర్డుకు, మౌసుకు గుండ్రటివి, మోడెముకు తొమ్మిది పిన్నులది, ప్రింటరుకు పాతిక కన్నాలది, మానిటరుకు పదిహేను కన్నాల నీలిరంగుది. ఈ గందరగోళాన్ని తీర్చడానికి ఏడు కంపెనీలు కలిసి 1996లో యూఎస్‌బీని తెచ్చాయి. ఇంటెల్‌లో ఆ పనికి ముందు నడిచినవారిలో వడోదరలో చదువుకున్న అజయ్ భట్ ఒకరు. మొదటి యూఎస్‌బీ వేగం సెకనుకు 12 మెగాబిట్లే. 2000లో అది 480కి, 2008లో 5 గిగాబిట్లకు పెరిగింది. 2014లో అటూ ఇటూ ఎలా పెట్టినా దూరే టైప్-సి వచ్చింది. 2019 నాటి యూఎస్‌బీ4 వేగం 40 గిగాబిట్లు. పేర్ల సంగతి ఇంతటితో సరి. ఇక అసలు విషయం.

పాత ప్రింటరు కేబుల్లో ఎనిమిది తీగలు ఒకేసారి ఎనిమిది బిట్లను మోసేవి. అవి చేరాక "ఇక చదువుకో" అని చెప్పడానికి స్ట్రోబ్ అని మరో తీగ. అక్షరం మొత్తం ఒక్క ఊపులో అవతలికి పోతుంది. వినడానికి ఎంత సబబుగా ఉంది! ఈ పద్ధతిలో చివరికి సాధించగలిగింది సెకనుకు రెండు మెగాబైట్ల చుట్టుపక్కల. 2000 నాటి యూఎస్‌బీ రెండే రెండు తీగల మీద (మిగతా రెండూ కరెంటువి), కాగితం మీది లెక్క ప్రకారం, అరవై మెగాబైట్లు, అంటే ఆ 480 మెగాబిట్లు, పంపింది. ముప్పై రెట్లు!

ఎందుకో చూద్దాం. తీగలో సంకేతం ప్రయాణించే వేగం కాంతి వేగంలో మూడింట రెండు వంతులు. అంటే సెకనులో వందకోట్లో వంతు కాలంలో సుమారు 20 సెంటీమీటర్లు. ఇప్పుడు యూఎస్‌బీ4 కేబుల్ తీసుకోండి. అందులో ఒక్కో తీగల జంట సెకనుకు 20 గిగాబిట్లు మోస్తుంది. లెక్క వేస్తే ఒక బిట్ తీగలో ఆక్రమించే చోటు ఒక్క సెంటీమీటరు. మీటరు కేబుల్లో ఒక్కో జంట మీద వంద బిట్లు చీమల బారులా నడుస్తూ ఉంటాయి! ఈ వేగంలో ఎనిమిది తీగలకు ఒకే స్ట్రోబ్ పెట్టి ఒకేసారి చదవాలంటే, ఒక తీగ మిగతావాటికంటే సెంటీమీటరు పొడుగున్నా చాలు, పక్క అక్షరం బిట్ ఈ అక్షరంలో కలిసిపోతుంది. పక్కపక్కన పరిగెత్తే తీగలు ఒకదాని మాట ఒకదానిలోకి చొప్పించడం దీనికి తోడు.

ఈ రెండో జబ్బుతో హార్డ్ డిస్కుల తయారీదారులు చాలాకాలం పోరాడారు. కంప్యూటరు లోపల చాపలా వెడల్పుగా ఉండే బూడిదరంగు కేబుల్ గుర్తుందా? పిన్నులు 40. వేగం పెంచబోతే తీగలు ఒకదాన్నొకటి చెడగొట్టుకున్నాయి. అందుకని ప్రతి రెండు తీగల మధ్యా ఖాళీగా ఒక ఎర్తు తీగ వేసి, 40 పిన్నులకు 80 తీగలు చేశారు! అలా చేసి కూడా సెకనుకు 133 మెగాబైట్ల దగ్గర ఆగిపోయారు. 2003లో వచ్చిన సాటా కేబుల్లో పిన్నులు ఏడంటే ఏడు, అందులో మూడు ఎర్తువి. అది 150తో మొదలుపెట్టింది. ఇంకా తీగలు కలపండి అన్నవాళ్ళు ఓడిపోయారు.

వాళ్ళకంటే ముందు మరో రకం పొరపాటు చేసిన పెద్దమనిషి ఉన్నాడు. 1858లో ఐర్లండు నుంచి న్యూఫౌండ్‌లాండ్ దాకా అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి టెలిగ్రాఫ్ కేబుల్ వేశారు. దాని విద్యుత్ వ్యవహారాలు చూసిన వైల్డ్‌మన్ వైట్‌హౌస్ వృత్తిరీత్యా వైద్యుడు. సంకేతం సరిగా అందకపోతే గొంతు పెంచాలన్నది ఆయన నమ్మకం. రెండు వేల వోల్టుల దాకా ఎక్కించాడు. తయారీలోనే లోపాలున్న ఆ కేబుల్ నెల తిరక్కుండానే చచ్చిపోయింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం దాటడానికే సుమారు పదహారు గంటలు పట్టింది. గ్లాస్గోలో ఆచార్యుడైన విలియం థామ్సన్ మొదటినుంచీ వేరే మాట చెబుతూ వచ్చాడు: గొంతు పెంచొద్దు, చెవిని పదును చెయ్యండి. చిన్న అద్దం మీద వెలుగు కదలికను బట్టి అతి సన్నని విద్యుత్తునూ పట్టే గాల్వనోమీటరు ఆయనదే. 1866లో నిలిచిన కేబుల్ ఆయన దారిలో నడిచిందే. ఈ థామ్సనే తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యాడు. ఈనాటి యూఎస్‌బీ ఆయన మాటే పాటిస్తోంది. పాత మోడెము పోర్టు ప్లస్ పన్నెండు, మైనస్ పన్నెండు వోల్టులతో అరిచేది. 480 మెగాబిట్ల యూఎస్‌బీ 0.4 వోల్టుతో గుసగుసలాడుతుంది.

గుసగుస చుట్టూ ఉన్న రొదలో కలిసిపోదా? నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు పులకరించే సంగతి ఇక్కడే ఉంది.

ఒకే మాటను రెండు తీగల మీద ఎదురెదురుగా పంపుతారు. ఒకటి పైకి వెళితే రెండోది అంతే కిందికి. లెక్క సులువుగా ఉండటానికి ఒక తీగ మీద ప్లస్ 0.2, రెండోదాని మీద మైనస్ 0.2 వోల్టు అనుకోండి. దారిలో మిక్సీ మోటారు రొద 0.5 వోల్టు వచ్చి మీద పడింది. తీగలు పక్కపక్కనే ఉన్నాయి కనుక రెండింటి మీదా సమంగా పడింది. మొదటిది 0.7 అయింది, రెండోది 0.3 అయింది. విడివిడిగా చూస్తే రెండూ పాడైనట్టే. కానీ అవతలి చివర ఉన్న చిప్ ఏ తీగనూ విడిగా చదవదు, రెండింటి తేడా మాత్రమే చదువుతుంది. 0.7లోంచి 0.3 తీసేస్తే 0.4. రొద లేనప్పుడూ తేడా 0.4 వోల్టే! వచ్చిన రొద ఎంతో, ఎక్కడిదో తెలుసుకోవలసిన పనే లేదు. రొదను అడ్డుకోలేదు, వడకట్టలేదు. తీసివేతలో అదే పోయింది.

ఒక చిక్కు మిగిలింది. ఏ తీగ మోటారుకు దగ్గరగా ఉంటే దానిమీద రొద కాస్త ఎక్కువ పడుతుంది. అప్పుడు తేడాలో కొంత మిగిలిపోతుంది. దీనికి మందు నులక పేనేవాళ్ళకు తెలిసినదే: పురి పెట్టడం. రెండు తీగల్నీ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే, ప్రతి అరచుట్టుకూ దగ్గరిది దూరమవుతుంది, దూరంది దగ్గరవుతుంది. రైల్లో ఎండ పడే కిటికీ పక్క ఇద్దరు అన్నదమ్ములు స్టేషను స్టేషనుకూ సీట్లు మార్చుకుంటే ఇద్దరికీ ఎండ సమంగానే తగులుతుంది. ఇదీ అంతే. రెండు తీగల ప్రవాహాలు ఎదురెదురు కనుక, అవి బయటికి చిమ్మే క్షేత్రాలు కూడా చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఇది కంప్యూటర్ల వాళ్ళు కనిపెట్టింది కాదు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. తొలి టెలిఫోన్లు టెలిగ్రాఫులాగే ఒక్క తీగతో, రెండో దారిగా నేలను వాడుకుంటూ నడిచేవి. చుట్టూ ఉన్న తీగల రొదంతా చెవిలో పడేది. ట్రాములు వచ్చాక మరీ. పురి పెట్టిన జంట ఆ బాధ తప్పించింది. స్తంభాల మీద విడివిడిగా సాగే తీగలకు పురి పెట్టడం కుదరదు కనుక, కొన్ని స్తంభాలకొకసారి వాటి స్థానాలు మార్చేవారు. అదీ పురే, కిలోమీటర్ల పొడవున్న పురి.

ఇంటర్నెట్ రౌటరు నుంచి కంప్యూటరుకు వచ్చే ఈథర్‌నెట్ కేబుల్లో నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల్లో నాలుగు జంటలుంటాయి. నాలుగింటి పురీ ఒక్కలా ఉండదు. ఒకేలా ఉంటే పక్కపక్క జంటల్లో ఎప్పుడూ అవే తీగలు ఎదురుపడి, మాటలు దొర్లించుకుంటాయి. కొసన ప్లగ్గు బిగించేటప్పుడు పురి అర అంగుళానికి మించి విప్పకూడదన్నది నియమం. మా ఇంట్లో బిగించినాయన రెండంగుళాలు విప్పేశాడు. కొత్త ముక్క కోసి మళ్ళీ బిగించమని పట్టుబట్టాను. మీరూ పట్టుబట్టండి.

టైప్-సిలో వేగమైన జంటలు నాలుగున్నాయి కదా, మళ్ళీ పాత పద్ధతికే వచ్చినట్టు కాదా అని అడగొచ్చు. కాదు. ప్రతి జంటా తన బిట్ల లయను తనలోనే మోసుకొస్తుంది, పక్కదాని కోసం ఆగదు. ముందూ వెనకా వచ్చినవాటిని అవతలి చిప్ తీరిగ్గా సర్దుకుంటుంది.

ఇక ఉపయోగాల సంగతి. ఇక్కడ నాకు కోపమే మిగిలింది. 2024 డిసెంబరు 28 నుంచి ఐరోపా సమాఖ్యలో కొత్త ఫోన్లకు టైప్-సి తప్పనిసరి అయింది. మన భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా దానికి ప్రమాణం ప్రకటించింది. మంచిదే. కానీ ఒకటైంది మూతి మాత్రమే. ఒకేలా కనిపించే రెండు టైప్-సి కేబుళ్ళలో ఒకటి 480 మెగాబిట్లకు ఆగిపోవచ్చు, రెండోది 40 గిగాబిట్లు మోయవచ్చు. ఐఫోన్ 15 ప్రో 10 గిగాబిట్లు పంపగలదు. దాని పెట్టెలో ఇచ్చిన కేబుల్ 480 మెగాబిట్లదే. పేర్లు ఇంకా ఘోరం: 2008లో యూఎస్‌బీ 3.0 అన్నదాన్నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. వేగం ఎంతో, ఎన్ని వాట్లు మోస్తుందో కేబుల్ మీదే అంకెల్లో ముద్రించాలని చట్టం చెయ్యాలి.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. ఇక పనికిరాదనుకున్న పాత యూఎస్‌బీ కేబుల్ ఒకటి తీసుకుని, దేనికీ తగిలించి లేదని చూసుకుని, పై తొడుగు జానెడు పొడవున చీల్చండి. ఎరుపు, నలుపు తీగలు కరెంటువి. రెండే కనిపిస్తే అది చార్జింగుకు తప్ప ఫైళ్ళు పంపడానికి ఏనాడూ పనికొచ్చింది కాదు. వాటి పక్కన తెలుపు, ఆకుపచ్చ తీగలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయేమో చూడండి. జానెడులో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి మాకు రాయండి.