పరదేశమునకు పాత యంత్రములు

రోడ్డు వేయునపుడును, చెరువు పూడిక తీయునపుడును, మేడకు పునాది త్రవ్వునపుడును మన కంటబడు పసుపుపచ్చని త్రవ్వక యంత్రమును మన ఊళ్లలో 'పొక్లెయిన్' అందురు. నిజమునకది ఫ్రాన్సు దేశపు ఒక కంపెనీ పేరు. జపానువారు చేసినను, కొరియావారు చేసినను మన వాడుకలో దాని పేరదియే. ఇట్టి యంత్రములు క్రొత్తవిగా దేశములు దాటుట అందరు నెరిగినదే. కాని ఒక దేశమున కొన్నియేండ్లు పాటుపడి, అందునను అద్దెకు తిరిగి, పిమ్మట ఓడనెక్కి మరియొక దేశమున రెండవ బ్రతుకు ప్రారంభించు యంత్రములును వేలకొలది కలవు. ఈ వ్యాపారపు తీరు తెలిసికొనుటకు జపాను మంచి ఉదాహరణము.

1980 దశకము చివర జపానులో భూముల ధరలు, కట్టడములు మిక్కిలిగా పెరిగినవి. 1990 తరువాత ఆ పొంగు చల్లారినది. పనులు తగ్గగానే, సొంత యంత్రములను కొని ఖాళీగా నిలుపుకొనుట కంట్రాక్టర్లకు భారమైనది. అవసరమున్న నాళ్లకు అద్దెకు తెచ్చుకొనుట మేలని వారు గ్రహించిరి. అద్దె కంపెనీలు పెరిగినవి. అద్దెకు తీసికొనువాడు పనిలో ఆగిపోని యంత్రమును కోరును గనుక, ఆ కంపెనీలు యంత్రము పూర్తిగా అరుగువరకు ఆగవు. ఇంకను ఎన్నో ఏండ్ల సత్తువ మిగిలియుండగనే దానిని అమ్మి క్రొత్తది కొనును. అట్లు అమ్మినవి యొకొహామా, కోబె వంటి రేవుల మీదుగా వియత్నాము, ఫిలిప్పీన్సు, హాంకాంగు మొదలగు చోట్లకు తరలినవి.

కొనువాని పక్షమున చూతము. క్రొత్త యంత్రపు వెల మొదటి కొన్ని సంవత్సరములలోనే వడిగా పడిపోవును. దాని పని శక్తి మాత్రమంత వడిగా తగ్గదు. ఈ రెండింటి నడుమనున్న తేడాయే చిన్న కంట్రాక్టరుకు దొరకు లాభము. ఒక్క యంత్రముతో కుటుంబమును నెట్టుకొనివచ్చువానికి క్రొత్తదాని అప్పుపై వడ్డీ మోయరానిది కావచ్చును. మంచి పాతది దొరికినచో వాడు నిలద్రొక్కుకొనును. చెడ్డది దొరికినచో ఇల్లమ్మి తెచ్చిన సొమ్ము ఇనుప ముద్దయై ముంగిట నిలుచును. కావున ఈ వ్యాపారమున అసలు సరకు ఇనుము కాదు, ఆ యంత్రమును గూర్చిన నిజము.

యంత్రపు వయస్సును సంవత్సరములతో గాక పనిచేసిన గంటలతో లెక్కింతురు. దినమునకు 8 గంటల చొప్పున ఏటికి 250 దినములు పనిచేసినచో 2,000 గంటలగును. ఈ లెక్కను చూపుటకు యంత్రములో ఒక మీటరుండును. కాని మీటరును మార్చవచ్చును, ముల్లును వెనుకకు త్రిప్పవచ్చును. అందుచేత అనుభవజ్ఞులు మీటరును చూచి ఊరుకొనరు. గొలుసు పట్టీలు, వాటి క్రింది రోలర్లు ఎంత అరిగినవో కొలుతురు. ఇట్టి యంత్రముల మరమ్మతు ఖర్చులో సుమారు సగము ఈ క్రిందిభాగమునకే కావచ్చును. తొట్టి కీళ్ల వదులును చేతితో కదిపి చూతురు. ఇంజను నూనెను కొంచెము తీసి, అందు ఇనుప రజను ఎంత కలదో పరీక్ష చేయింతురు.

అద్దె యంత్రమునకు రెండు ముఖములు కలవు. దానిని పలువురు నడుపుదురు, ఎవరికిని అది తనదన్న మమకారముండదు. ఇది దోషము. కాని నూనె ఎప్పుడు మార్చిరి, ఏ భాగమెప్పుడు వేసిరి అను లెక్క అద్దె కంపెనీ పుస్తకములలో నుండును. ఇది గుణము. ఆ లెక్క యంత్రముతోబాటు ఓడనెక్కినచో గుణమే మిగులును. లెక్క రేవులో ఆగిపోయినచో దోషమొక్కటే దిగుమతియగును.

ఈ లెక్కను భద్రపరచుటకు ఒక చిత్రమైన సంగతి తోడ్పడినది. జపానులో దొంగలు త్రవ్వక యంత్రములను అపహరించి, వాటితో బ్యాంకుల నగదు పెట్టెలను పెకలించుకొని పోవుచుండిరి. యంత్రమెచ్చట నున్నదో దూరమునుండి తెలిసికొను సాధనమును కొమాట్సు కంపెనీ తయారుచేసి, 2001 నుండి జపానులో అమ్మిన తన యంత్రములలో అమర్చనారంభించినది. దొంగల కొరకు పుట్టిన ఆ సాధనము పనిచేసిన గంటలను సైతము తెలుపును. మీటరు చెప్పిన దానిని దానితో సరిచూచుకొనవచ్చును.

నిజమున్నను సరియైన ధర తేలుటెట్లు? ఇందుకు కెనడా ఒక మార్గము చూపినది. 1958లో కెలౌనా పట్టణమున రిచీ సోదరులు బ్యాంకు బాకీ తీర్చుటకు తమ దుకాణపు సామగ్రిని వేలమువేసిరి. 1963లో నిర్మాణ యంత్రముల పెద్ద వేలము నడిపిరి. కనీసపు ధర యుండరాదు, యజమాని తన వస్తువును తానే పాడుకొనరాదు. ఇది వారి నియమము. అందుచేత పాడువాడు తన పోటీదారు నిజముగా కొనువాడేయని నమ్మగలడు.

కొనుటతో పని తీరదు. గొలుసుల సందున చిక్కిన గుప్పెడు మట్టిలో పరదేశపు కలుపు విత్తనములు, చీమలు, తెగుళ్లు దాగియుండవచ్చును. వాడిన యంత్రములను ఎగుమతికి ముందు ఎట్లు శుభ్రము చేయవలెనో తెలుపు అంతర్జాతీయ సస్య సంరక్షణ ప్రమాణము 2017లో అంగీకరింపబడినది. ఆస్ట్రేలియావంటి దేశములు మట్టితో వచ్చిన యంత్రమును యజమాని ఖర్చుతో కడిగింతురు, లేదా వచ్చిన త్రోవనే పంపుదురు.

ఇంధనము మరియొక చిక్కు. క్రొత్త తరము ఇంజనులలో పొగను వడగట్టు పరికరములున్నవి. వాటికి గంధకము చాల తక్కువగా నున్న డీజిలు కావలెను. మన దేశమున 2020 ఏప్రిలు నుండి పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించని గంధకముగల డీజిలు అమ్ముచున్నారు. గంధకము హెచ్చుగా నున్న డీజిలు వాడు దేశములకు ఇట్టి యంత్రము పోయినచో వడపోత పూడి పని నిలిచిపోవును. అందుచేతనే అట్టిచోట్ల సాదా ఇంజనుగల పాత రకమునకు గిరాకి కలదు. ఆ గిరాకితో పొగయు తరలిపోవును. ఇచ్చటి గాలి శుభ్రమగుట అచ్చటి గాలి చెడుట కారాదు.

మన దేశములోనికి వాడిన యంత్రములు వచ్చునపుడు కస్టమ్సువారు వాటి విలువ తేల్చుటకు చార్టర్డు ఇంజనీరు పరీక్షా నివేదికను చూతురు. ఆ నివేదిక సుంకము కొరకే గాక కొనువానికిని ఉపకరించును. విడిభాగములు దొరకునా, మరమ్మతు తెలిసినవాడు ఊరికి దగ్గరలో నున్నాడా అను రెండు ప్రశ్నలను మాత్రము కొనువాడే వేసికొనవలెను.

పాత యంత్రమును అమ్ముట తప్పుగాదు. దానిలో మిగిలిన సత్తువను వృథాపోనీయక మరియొకరి బాటకు, ఇంటికి, కాలువకు వినియోగించుట మంచి పొదుపే. కాని అరిగినదానిని అరగలేదని చెప్పి పంపుట ఎగుమతి కాదు, తన చెత్తను పొరుగువాని పెరటిలో పోయుట. గంటల లెక్క, మరమ్మతు పుస్తకము, కడిగిన గొలుసులు, ఈ మూడును వెంట వచ్చిన యంత్రమే కొనువాని ఇంట అన్నము పెట్టును.